అనుమతి లేదట!

మా వీధి రోడ్డు మీద కాలమ్ రాశాను. పైపుల కోసం తవ్వారు, పూడ్చారు, పూడ్చినచోటే కేబుల్ కోసం మళ్లీ తవ్వారు. నాలుగు గంటలు కూర్చుని, చివర్లో పెట్టాల్సిన చురక కూడా పెట్టి, రాత్రి పదిన్నరకి కంట్రోల్ ఎస్ నొక్కాను. ఫైలు అనుమతుల్లో లోపముంది, సేవ్ చేయడం కుదరదంది కంప్యూటర్. ఇల్లు నాది, కంప్యూటర్ నాది, వాయిదాలు కడుతున్నది నేను. మధ్యలో ఆ అనుమతి ఎవరి సంతకంతో వస్తుందో చెప్పలేదు. కింద ‘ఓకే’ అని ఒక్కటే బటన్. ‘కాదు, ఒప్పుకోను’ అనడానికి బటన్ లేదు.

సరే, పైనున్న ఫ్లాపీ బొమ్మ మీద నొక్కాను. 1.44 ఎంబీ పట్టే ఆ చదరపు బిళ్లని అమ్మడం సోనీ 2011లోనే మానేసింది. దాన్ని ఇంకా బొమ్మగా ఉంచి మన రాతలన్నీ దాని చేతిలో పెట్టారు. అదీ కుదరదంది.

బావమరిదికి ఫోన్ చేశాను. ‘ఏం లేదు బావగారూ, ఒకసారి రీస్టార్ట్ చేయండి’ అన్నాడు. మనింట్లో ఎవరికి ఏ జబ్బు చేసినా ఒకే కషాయం చెప్పే పెద్దమ్మ ఉంటుందే, ఆ తరహా. సేవ్ కాని రాత ర్యామ్‌లో మాత్రమే ఉంటుంది. కరెంటు పోతే అదీ పోతుంది. వర్డ్ లాంటివి మామూలుగా పది నిమిషాలకోసారి చాటుగా ఒక నకలు దాచుకుంటాయి నిజమే. కానీ నా చురక పుట్టి అయిదు నిమిషాలే అయింది. కిటికీ మూయకుండా, యూపీఎస్ మీద చెయ్యేసి కూర్చున్నాను.

మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పోశాను. తెరనిండా నెత్తిన చుక్కలూ కొమ్ములూ మొలిచిన ఇంగ్లిషక్షరాలు! ఒక్క క్షణం గుండె ఆగింది. తర్వాత గుర్తొచ్చింది, నేను కొట్టేది యూనికోడ్‌కి ముందుకాలపు ఫాంటులో. అందులో ఉన్నవి నిజానికి ఇంగ్లిషు గుర్తులే, తెలుగు పైన తొడుక్కున్న చొక్కా. ఆ ఫాంటు మళ్లీ తగిలిస్తే తెలుగు తిరిగొస్తుంది. ఇరవయ్యేళ్లుగా నేను రాస్తున్నది ఇదన్నమాట. కొందరు పాఠకులు ఉత్తరాల్లో ఈ అనుమానమే వెలిబుచ్చారు.

ఇక మిగిలింది ‘సేవ్ యాజ్’. డెస్క్‌టాప్ మీద కొత్త పేరుతో పెడదామని, కాలమ్ శీర్షికే ‘ఈ రోడ్డు ఎవరిది?’ అని ఇంగ్లిషక్షరాల్లో కొట్టాను. ఈ పేరు చెల్లదంది. విండోస్‌లో ఫైలు పేరుకి తొమ్మిది గుర్తులు నిషిద్ధం. నక్షత్రం, కోలన్, నిలువు గీత, వాటి సరసన ప్రశ్నార్థకం. ఆశ్చర్యార్థకానికి మాత్రం అడ్డు లేదు. రోడ్డు చూసి ఆశ్చర్యపోవచ్చు, అడక్కూడదు. ఈ నియమం పెట్టినవాళ్లు ఎప్పుడో మా మునిసిపాలిటీకి వచ్చివుండాలి.

‘ఈ రోడ్డు ఎవరిది!’ అని కొట్టాను. మారుమాట లేకుండా సేవ్ చేసుకుంది. వెంటనే పత్రికకి పంపించేశాను.

అప్పుడొచ్చాడు మేనల్లుడు, చేతిలో నా పెన్‌డ్రైవ్‌తో. ఫైలు అందులోంచే తెరిచానన్న సంగతి అప్పుడు వెలిగింది. ‘కార్లో పాటలకి పీక్కెళ్లా మామయ్యా. చోటు చాల్లేదని రోడ్డనేదో ఉంటే తీసేశా’ అన్నాడు. కాంట్రాక్టరు కూడా ఇంత శుభ్రంగా తీయలేదు.

పొద్దున పేపర్ చూస్తే, డెస్కులో కుర్రాడెవరో ఫైలు పేరునే శీర్షికగా పెట్టేశాడు. ఎనిమిదింటికి మా కార్పొరేటర్ ఫోన్.

‘శీర్షిక చూశాను సార్. ఈ రోడ్డు ఎవరిది! మీరొక్కరైనా గుర్తించారు. మాదే సార్.’