మెట్రో పిల్లరు శాసనం: టీకా తాత్పర్యం

మూలము: ‘ఫారిన్‌లో ఇంగ్లీష్ టీచర్లు కావలెను. ఏదైనా డిగ్రీ చాలు. జీతం లక్షల్లో. వెంటనే సంప్రదించండి.’

అవతారిక: దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ మీదుగా ఎల్బీనగర్ దాకా మెట్రో నీడన నడిచేవారికి ఈ నాలుగు వాక్యాలు ఏదో ఒక రూపంలో ఎదురవుతూనే ఉంటాయి. కవి పేరు లేదు, ఫోన్ నంబరు మాత్రమే ఉంటుంది. ఈ దారిలో రైలు 2018 సెప్టెంబరులో మొదలైంది. అంతకు ముందటి ప్రతులు కరెంటు స్తంభాల మీద ఉండేవి, వానలకు జీర్ణించాయి. ‘టీచర్స్’ అని ఒక పాఠం, ‘ఎనీ డిగ్రీ’ అని మరొక పాఠం కనిపిస్తాయి కానీ అర్థంలో భేదం లేదు. పైన అతికిన లేడీస్ హాస్టల్, స్టడీ హాల్, మొలల వైద్యం కాగితాలు ప్రక్షిప్తాలు, వాటిని ఒలిచి చదువుకోవాలి.

టీక: ‘కావలెను’ అనగానే ఫారిన్‌లో ఎక్కడ అనే ఆకాంక్ష పుడుతుంది. మూలం జవాబివ్వదు. ఇలాంటి చోట వ్యాఖ్యాత లోపించిన పదాన్ని అధ్యాహారం చేసుకోవాలి. ఇక్కడ లోపించిన పదం ‘పల్లె’. ఫారిన్ పల్లెలో టీచర్లు కావలెను అని అన్వయం. నేరు అర్థం కుదరనప్పుడు వేరే అర్థం తీసే లక్షణకు మన శాస్త్రాలు తరతరాలుగా చెప్పే ఉదాహరణ గంగలోని గొల్లపల్లె: నీళ్ళలో పల్లె ఉండదు కనుక గంగ అంటే గంగ ఒడ్డు అని అర్థం చేసుకుంటాం. అదే న్యాయాన అమెరికా అంటే అమెరికా ఒడ్డు: విమానం దిగాక గంటల తరబడి కారులో పోతే వచ్చే ఊరు, ఒక బడి, ఒక పెట్రోలు బంకు.

మూలంలో లేని మాటను తెచ్చిపెట్టడం దోషం కాదా అని పూర్వపక్షం. మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి ఆధారం లేనిది ఒక్క ముక్కా రాయనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు టీకలు రాశాడు. ఆ జిల్లాకు ఇంత దగ్గర్లో ఉండి మనం నియమం తప్పకూడదు. ఆధారాలు ఇవి. 1987లో మొదలైన జపాన్ జెట్ పథకం విదేశీ ఇంగ్లీష్ సహాయకులను ఎక్కువగా చిన్న పట్నాలకూ పల్లెలకూ పంపుతుంది. మాల్దీవుల్లో మనుషులున్న దీవులు రెండొందల లోపే. రాజధానికి దూరంగా ఉన్న దీవుల బళ్ళలో పరదేశీ టీచర్లు, అందులో మనవాళ్ళూ, పాఠాలు చెబుతున్నారు. అమెరికాలోనూ టీచరు దొరకని బడి అంటే ముందుగా గుర్తొచ్చేది మారుమూల జిల్లాల బడే. కారణం ఎక్కడైనా ఒకటే: అక్కడ పుట్టి చదువుకున్నవాడు పట్నం వెళ్ళిపోయాడు. పట్నంలో కుర్చీ ఖాళీ ఉంటే పిల్లరు మీద కాగితం అంటించాల్సిన పని ఏముంది?

‘ఏదైనా డిగ్రీ చాలు’ అన్నది అతిశయోక్తి. అమెరికా జే-1 టీచర్ వీసాకు తగిన డిగ్రీతో పాటు కనీసం రెండేళ్ళ బోధనానుభవం ఉండాలి. గడువు మూడేళ్ళు, మహా అయితే మరో రెండేళ్ళు పొడిగిస్తారు. కొరియా ప్రభుత్వ బళ్ళ పథకం ఇంగ్లీషు మాతృభాష అని ఒప్పుకునేది ఏడు దేశాల పాస్‌పోర్టులకే. 2010లో అమల్లోకొచ్చిన భారత-కొరియా ఒప్పందం పుణ్యమా అని, టీచరు అర్హత ఉన్న భారతీయులకు సహాయకులుగా వెళ్ళే సందు దొరికింది. జపాన్ ఇన్‌స్ట్రక్టర్ వీసా పన్నెండేళ్ళు ఇంగ్లీషులో చదివావా అని అడుగుతుంది. అంటే మనవాళ్ళు కాన్వెంటుకు కట్టిన ఫీజు అంతా వృథా కాలేదన్నమాట. ఇక పాస్‌పోర్టును చూసి నాలుకను తూచడంలోని తర్కం ఏ దర్శనంలోనూ లేదు. 1958లో హైదరాబాద్‌లో పెట్టిన ఇంగ్లీష్ సంస్థ 2007లో ఇఫ్లూ విశ్వవిద్యాలయమైంది. పరాయి దేశాల ఉద్యోగులూ టీచర్లూ తార్నాక వచ్చి అక్కడ ఇంగ్లీషు దిద్దుకుని వెళతారు.

‘లక్షల్లో’ అన్నది శ్లేష. నెలకా ఏడాదికా అన్నది పాఠకుడి ఆశను బట్టి ఉంటుంది. జీతాన్ని రూపాయల్లోకి మార్చి చెబుతారు, అద్దెనూ కారు ఖర్చునూ మార్చి చెప్పరు. 2025 సెప్టెంబరులో ఈ మాటకు మరో అర్థం వచ్చింది: అమెరికా బయటున్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము. పల్లె బడి ఎక్కడ కట్టగలదు?

మరొక ఆక్షేపణ: దుబాయ్, మస్కట్ నగరాలు కావా, అక్కడ తెలుగు టీచర్లు లేరా? ఉన్నారు. కానీ వాళ్ళలో ఎక్కువమంది భారతీయ పాఠశాలల్లో, సీబీఎస్‌ఈ పుస్తకాలతో, భారతీయుల పిల్లలకే చెబుతున్నారు. అది కొత్తపేట బడిని ఎడారికి మార్చడం. కనుక మన అన్వయానికి అవ్యాప్తి దోషం లేదు.

బలమైన ఆక్షేపణ ఇంకొకటుంది. దేవరకొండ వైపు నుంచో అచ్చంపేట వైపు నుంచో పల్లెను వదిలించుకుని దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌కు వచ్చినవాడు సముద్రం దాటి మళ్ళీ పల్లెకు పోతాడా? పల్లె అన్న మాట వేస్తే ఒక్కడూ ఫోన్ చేయడనే కదా కవి దాన్ని దాచింది! దీనికి సమాధానం ఆ పిల్లరు కిందే ఉంది. 2024 డీఎస్సీలో తెలంగాణ ప్రభుత్వం 11,062 పోస్టులు ప్రకటిస్తే రెండున్నర లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. పరీక్ష వాయిదా వేయాలని ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో అభ్యర్థులు రోడ్డెక్కారు. ఆ పోస్టుల్లో అధికభాగం పల్లె బళ్ళవే, ఆ సంగతి అందరికీ తెలుసు. కనుక పల్లె అంటే పారిపోతారన్న హేతువు నిలవదు. జీతం, గౌరవం, సెలవులు కచ్చితంగా ఉంటే పల్లెకు వెళ్ళేవారికి కొదవ లేదు. పైగా ఈ పనికి అసలైన అర్హత పల్లెలో పుట్టడమే. రోజుకు రెండు బస్సులొచ్చే ఊళ్ళో కాలం ఎలా నడుస్తుందో, కొత్తగా వచ్చిన సారు ఏం కొన్నాడో సాయంత్రానికి ఊరంతటికీ ఎలా తెలుస్తుందో, పంట పనుల రోజుల్లో వెనక బెంచీలు ఎందుకు ఖాళీ అవుతాయో వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఐఈఎల్‌టీఎస్‌లో ఎనిమిది తెచ్చుకున్న బంజారాహిల్స్ అబ్బాయికి ఇవన్నీ సిలబస్‌లో లేని పాఠాలు. చలీ ఒంటరితనం ఇద్దరికీ సమానమే, అవి కాదనలేం. కానీ దాచిన పదం వల్ల రావలసినవాడు రాకుండా పోతున్నాడు, రాకూడనివాడు అప్పు చేసి వెళ్ళి ఆరు నెలలకు తిరిగొస్తున్నాడు.

కాబట్టి అజ్ఞాత కవికి విన్నపం: తర్వాతి ముద్రణలో ‘ఫారిన్ పల్లెలో’ అని వేయండి. ‘ఏదైనా డిగ్రీ’ కొట్టేసి ఆ చోట ‘రెండేళ్ళ అనుభవం, మూడేళ్ళ గడువు’ అని రాయండి. కాగితం సైజు పెంచనక్కర్లేదు.