రేణిగుంట నుంచి బంగారు బాట

రేణిగుంటకు ఇప్పుడు హోదా పెరిగింది. ఇంతకాలం కొండకు పోయేవాళ్లు రైలు మారే జంక్షన్, విమానం దిగినవాళ్లు కారు మాట్లాడుకునే ఊరు. ఇకమీదట 'బంగారు బాట'కు సున్నా కిలోమీటరు రాయి. జొన్నగిరిలో ఏడాదికి 750 కిలోల బంగారం తీస్తామని కంపెనీ ప్రకటించిందో లేదో, ఫోను తెరిస్తే వీడియోల్లో ఇదే వరస: పొద్దున్నే రేణిగుంటలో ఇడ్లీ, మామండూరు అడవిలో ఫొటో, ఒంటిమిట్ట రాముడికి దండం, గండికోట అంచున డ్రోను, తాడిపత్రిలో గుడి, గుత్తి కోట మీద సాయంత్రపు ఎండ, ఆపైన జొన్నగిరి చేలల్లో 'వేట'. ఏ మలుపులో నిలబడితే వెనక కొండ బాగా పడుతుందో, ఎక్కడ టీ బాగుంటుందో, అన్నీ ఓపిగ్గా చెప్తారు. తీరా చేరాక ఏం చూడాలో మాత్రం చెప్పరు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు మరి.

జొన్నగిరి రాయిలో బంగారం టన్నుకు రెండు గ్రాముల లోపే. అంటే ఒక్క సవర కావాలంటే నాలుగు టన్నులకు పైగా రాయిని పగలగొట్టి, పిండి చేసి, రసాయనాల నీళ్లలో కలిపి రాబట్టాలి. ఆ పనంతా కంచె లోపల, యంత్రాల కడుపులో జరుగుతుంది. బంగారం ఎక్కడుందో తెలుసుకోవడం అంతకన్నా విసుగు పుట్టించే పని: భూమిలోకి డ్రిల్లు దింపి, రాతి కడ్డీలు బయటికి లాగి, ముక్కలు కోసి, ప్రయోగశాలకు పంపి, అంకెల కోసం ఎదురుచూడాలి. అది ఏళ్ల తరబడి సాగుతుంది, దాన్ని ముప్పై సెకన్ల వీడియోలో పెట్టలేరు. పైగా తొలకరిలో తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వంగి వెతికేది వజ్రాలను. బంగారానికీ వజ్రానికీ తేడా తెలియనివాళ్లు మనకు దారి చూపిస్తున్నారు.

సరే, తెలియకపోతే తెలియకపోనీ. నాకు ఒళ్లు మండేది మొదటి మజిలీ దగ్గరే. బాట మొదలయ్యేది రేణిగుంట పక్కన స్వర్ణముఖిలోనట. అక్కడ బండి ఆపి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, ప్లాస్టిక్ తట్టలో ఇసుక వేసి, క్యానులో తెచ్చుకున్న నీళ్లు పోసి తిప్పాలట. ఏట్లో నీళ్లుండవు గనుక నీళ్లు మనమే తీసుకుపోవాలి! ఇది ఆస్ట్రేలియాలోనో కాలిఫోర్నియాలోనో చూసి నేర్చిన విద్య. అక్కడ కొండల్లోంచి కొట్టుకొచ్చిన బంగారపు పొడి వాగుల అడుగున చేరేది, జనం తట్టలు తిప్పేవాళ్లు. ఆస్ట్రేలియాలోని బాలరాట్ ఊళ్లో 1851 నాటి ఆ బంగారు తొక్కిసలాటను పర్యాటకులకు చూపించే సావరిన్ హిల్ అనే మ్యూజియం 1970 నుంచీ ఉంది. అక్కడి వాగులో వచ్చినవాళ్లు కడిగి మురవడానికి కాస్త బంగారం మ్యూజియంవాళ్లే చల్లుతారు. మన దగ్గర చల్లేవాడు కూడా లేడు.

"పురాణంలో ఉంది కదా" అని జవాబు. ఉంది. ఏముందో కూడా చదవాలి. శ్రీకాళహస్తి గుడి కట్టేటప్పుడు కూలీలకు స్వర్ణముఖి ఇసుకనే కూలిగా పోసేవారనీ, ఎవరు పడిన కష్టానికి తగ్గట్టు వాళ్ల చేతిలో అది బంగారంగా మారేదనీ, పని ఎగ్గొట్టినవాడికి ఇసుక ఇసుకగానే మిగిలేదనీ స్థలపురాణం. ఏట్లో బంగారం దొరుకుతుందని అందులో ఎక్కడా లేదు. రాళ్లు మోసినవాడికి కూలి దక్కిందని ఉంది. తట్ట తిప్పే కుర్రవాడికి ఆ లెక్కన రావలసింది ఇసుకే, వస్తున్నదీ అదే. పురాణం అబద్ధమాడలేదు.

కానీ ఈ కాలంలో స్వర్ణముఖి ఇసుక నిజంగానే బంగారమవుతోంది, అదీ చీకటి పడ్డాక, చెమట పట్టని చేతుల్లో. ఇసుక తవ్వకాన్ని కట్టడి చేసే 2002 వాల్టా చట్టం ఉంది. 2024 జులై నుంచి ఇసుక ఉచితమనే విధానమూ ఉంది. అయినా ఇక్కడి ఇసుక చెన్నైకీ బెంగళూరుకీ తరలిపోతోందని పత్రికలు రాయని ఏడాది లేదు. ఏట్లో ఇసుక ఉంటేనే వాన నీళ్లు నిలిచి ఇంకుతాయి, చుట్టుపక్కల బోర్లు బతుకుతాయి. ఇసుక పోయిన చోట గట్టినేల తేలుతుంది, బోరు ఇంకా లోతుకు దింపాలి, అప్పు ఇంకా పెరగాలి. 2021 నవంబరు వరదలో తిరుచానూరు దగ్గర మేడ ఇల్లు స్వర్ణముఖిలోకి ఒరిగి కూలిపోవడం దేశమంతా ఫోన్లలో చూసింది. ఏడాదిలో ఎక్కువ భాగం ఎండి ఉండే ఏరు, వచ్చినప్పుడు ఎలా వస్తుందో అప్పుడు తెలిసింది. అలాంటి ఏట్లో నిలబడి, తవ్విన గుంతలు కనబడకుండా కెమెరా కాస్త పైకెత్తి, 'స్వర్ణముఖిలో బంగారం' అని నవ్వడం నాకు వినోదంగా కనిపించదు. సిగ్గులేనితనంగా కనిపిస్తుంది. గుంత కనబడేలా తీయండి, లారీ తిరిగిన జాడ కనబడేలా తీయండి, అప్పుడు నేనే నలుగురికీ పంపిస్తాను.

కుప్పం వైపు ఇంకో బాట ఉంది, అది కోలారు గనుల మీద వచ్చిన సినిమా పుణ్యం. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి, గుడుపల్లె మండలంలోని మన చిగరగుంట, బిసానత్తం గనులూ ఆగిపోయాయి. మిగిలినవి సైనైడు దిబ్బలు, పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికిపోయే జనం. దిబ్బ మీద హీరోలా చేతులు కట్టుకుని నిలబడేవాడికి కింద వెళ్లే ఆ రైలు కనిపించదు.

జొన్నగిరి బాటలో నిజంగా ఆగవలసిన చోటు ఒకటుంది. గుత్తి దాటి పత్తికొండ వైపు పోతుంటే ఎర్రగుడి వస్తుంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, పెద్దవీ చిన్నవీ రెండూ ఒకే చోట. చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అశోకుడి దక్షిణ రాజధాని సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు పండితుల అభిప్రాయం. 1929లో ఈ శాసనాలను లోకానికి చూపించినవాడు అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. ఖనిజాలు చూసే కన్నున్న మనిషి, రాతి మీద అక్షరాలు కనబడగానే ఆగాడు. మన బాటలో ఇది 'లంచ్ పాయింట్'. జీవహింస తగ్గించమని రాయించిన రాజు ముందు బిర్యానీ పొట్లాలు విప్పుకోవడానికి నీడ బాగుంటుందట.

నాలుగు చిన్న హోటళ్లకు బేరం పెరిగితే నీకెందుకు కడుపుమంట అని అడగొచ్చు. బేరం పెరగాలి. అయితే గండికోట దగ్గర పెన్న ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయే తీరు చూపించడానికి బంగారం ఎర అక్కర్లేదు, 'భారత గ్రాండ్ కేన్యన్' అనే అరువు పేరూ అక్కర్లేదు. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి గోపురం మీది చెక్కడాలకు ఒక పూట చాలదు. వీడియోలో వాటికి దక్కేది పదేసి సెకన్లు, ఎందుకంటే ముందు బంగారం ఉంది, తొందరగా పోవాలి. గని వద్దంటున్నావా అని ఇంకొకరు. గని సంగతి వేరే. నీళ్లు ఎక్కడివి, వ్యర్థం ఎక్కడ పోస్తారు, భూమి ఇచ్చిన ఇంట్లో ఎందరికి ఉద్యోగం అని గట్టిగా అడగవలసిన సమయం ఇదే. ఆ ప్రశ్నలు అడగాల్సిన గొంతులన్నీ 'వ్యూ అదిరింది' అనడంలో మునిగిపోయాయి.

గండికోటకు పొండి. తాడిపత్రికి పొండి. ఎర్రగుడిలో పొట్లం విప్పకుండా ఒక గంట కూర్చోండి. అక్కడి నుంచి బండి వెనక్కి తిప్పండి. వాన పడింది, జొన్నగిరి రైతు శనక్కాయ విత్తుకోవాలి. మీరు తొక్కిన చేను మళ్లీ దున్నించుకోవడానికి ట్రాక్టరు బాడుగ మీరిస్తారా?