బ్రేకు బావగారు

ఆదివారం పొద్దున్న ఆ వీధిలో అడుగుపెడితే వినబడేవి మూడే మాటలు. "నొక్కండి... అలాగే పట్టుకోండి... ఇప్పుడొదలండి." కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు యోగా క్లాసనుకుంటారు. పాతవాళ్లు సందు మార్చేస్తారు. బ్రేకు బావగారు జీపు కింద దూరారన్నమాట.

ఆయన ఎవరికి బావగారో ఎవరూ చెప్పలేరు. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరై, వచ్చిన సొమ్ము కూతురి పెళ్లికీ మేడకీ పోగా మిగిలిన దాంతో వేలంలో పాత మహీంద్రా జీపు కొన్న ప్రతి మనిషీ విజయనగరంలో బావగారే. ఇంగ్లండులో ఇలాంటివాళ్లకి వేరే సదుపాయం ఉండేది. 1957లో లోటస్ కంపెనీ 'సెవెన్' అనే కారు తెచ్చి, దాన్ని విడిభాగాలుగా కూడా అమ్మింది. ఇంటి దగ్గర ఎవరికి వారు బిగించుకుంటే కొనుగోలు పన్ను తప్పేది. మన బావగారికి జీపు ఒక్కటిగానే వచ్చింది. విడిభాగాలుగా ఆయనే చేశారు.

ముందు చక్రాలకి డ్రమ్ము బ్రేకులు తీసి డిస్కు బ్రేకులు వేయించి ఊరుకుని ఉంటే కథే లేదు. వెనకా డిస్కులే కావాలన్నారు. "ఎనకాల డ్రమ్ములు బాగానే పడతన్నాయి బాబూ, ఒగ్గీండి" అని మేస్త్రి మొత్తుకున్నాడు. అతని మాటలో పస ఉంది. బ్రేకు కొట్టగానే బండి బరువు ముందుకి వాలుతుంది. ఆపే పనిలో సగానికి మించి ముందు చక్రాలదే. అందుకే మన వీధుల్లో తిరిగే ఆల్టోలూ వ్యాగనార్లూ వెనక డ్రమ్ములతోనే నెట్టుకొస్తున్నాయి. బావగారు వినలేదు. డిస్కు బ్రేకుకి లాంచెస్టర్ 1902లోనే పేటెంటు తీసుకున్న సంగతీ, 1953లో జాగ్వార్ కారు నాలుగు చక్రాలకీ డిస్కులతో ల మాన్ పందెం గెలిచిన సంగతీ టీ చల్లారేదాకా చెప్పారు. పైగా చంపావతి దాటేటప్పుడు డ్రమ్ముల్లో నీళ్లు చేరితే బ్రేకు జారిపోతుందిట, డిస్కయితే నాలుగు చుట్లు తిరిగేసరికి ఆరిపోతుందిట. నిజమే. కాకపోతే ఆయన చంపావతిని ఆఖరుసారి దాటింది వంతెన మీంచి, ఆర్టీసీ బస్సులో.

విశాఖపట్నం పాత ఇనప కొట్లలో మారుతి వ్యాను ముందు కాలిపర్లు, అంటే డిస్కుని ప్యాడ్లతో నొక్కిపట్టేవి, ఓ జత దొరికాయి. వాటిని జీపు వెనక ఇరుసుకి పట్టించే పలకలు లేతు షాపులో కోయించారు. మూడోసారికి కొలత కుదిరింది. హ్యాండు బ్రేకు విషయంలో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. చాలా కార్లకి అది వెనక డ్రమ్ములోనే ఉంటుంది కాబట్టి డ్రమ్ము తీస్తే అదీ పోతుంది. పాత జీపులకి గేర్ల పెట్టె వెనక, షాఫ్టు మీద విడిగా ఉంటుంది. బావగారి చెయ్యి పడకుండా బతికిపోయిన భాగం అదొక్కటే.

తరవాత బ్రేకు పైపుల్లోంచి ఎయిర్ తీయడం మొదలైంది. దీనికి ఇద్దరు కావాలి. పైన ఒకరు పెడలు నొక్కాలి, కింద ఒకరు నిపుల్ తిప్పి బుడగలు వదలాలి. పాలబ్బాయి నొక్కాడు. ఎదురింటి లెక్కల మాస్టారు నొక్కారు. పక్కింటికి పెళ్లిచూపులకొచ్చి, ఇల్లేదని అడిగిన పాపానికి పెళ్లికొడుకు ఇస్త్రీ బట్టల్లో ఇరవై నిమిషాలు నొక్కాడు (సంబంధం కుదిరింది, కుర్రాడి ఓపిక వాళ్లకి నచ్చిందిట). ఎంతమంది నొక్కినా పెడలు మాత్రం నానిన ఇడ్లీలా లోపలికి పోతూనే ఉంది.

రెండు ఆదివారాలు గడిచాక గ్యాసుబండ తెచ్చిన గుంటడు వంగి చూసి, "గాలి పైకి కదేటండి పోద్ది? మరీ కన్నం కిందకెట్టినారేటి?" అన్నాడు. కుడి కాలిపరు ఎడమకీ, ఎడమది కుడికీ బిగించడంతో నిపుళ్లు అడుగుకొచ్చి, గాలి పైన హాయిగా కూర్చుంది. ఆ గుంటడికి ఆ రోజు టీ, టిఫినూ బావగారింట్లోనే.

పెడలు గట్టిపడింది. ఈసారి బ్రేకులు చక్రాల్ని వదల్లేదు. డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండరులో, పైపుల్లో కొంత ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచే చిన్న వాల్వు ఒకటుంటుంది. డిస్కులకి అంత ఒత్తిడి పనికిరాదు, ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం దాకా వెళ్లొచ్చి, వేడెక్కిందేమోనని డిస్కు మీద వేలు పెట్టి చూశారు. వేడెక్కింది.

బావగారి ఆరాధ్యదైవం కోడి రామ్మూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సర్కస్ కంపెనీ నడిపిన ఆ మల్లుడు, రెండు పక్కలా గొలుసులతో కట్టిన రెండు కార్లని కదలనిచ్చేవాడు కాదు. "అదీ బేలెన్సంటే! కుడీ ఎడమా ఒకేలా పట్టాల" అన్నారు బావగారు. "కుడీ ఎడమా సరే బాబూ. ముందూ ఎనకా ఒకేలా పట్టకూడదు" అన్నాడు మేస్త్రి.

మేస్త్రి మాటే నెగ్గింది. వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి తోక తిరుగుతుంది. వ్యానుకి ముందుండాల్సిన కాలిపర్లు వెనక్కొచ్చాయి కదా, వాటి పట్టు ఎక్కువ. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, చిన్న జల్లు పడ్డాక పరీక్ష పెట్టారు. కొత్తవలస వైపు బయల్దేరిన జీపు విజయనగరం వైపు తిరిగి ఆగింది. బావగారు చాలాసేపు దిగలేదు.

మర్నాడే వెనక్కి పోయే ఒత్తిడిని అణిచే ఇత్తడి వాల్వు వచ్చింది. దాని మర తిప్పడం, పరీక్షించడం, మళ్లీ తిప్పడం. ద్వారం వెంకటస్వామి నాయుడు ఫిడేలు పలికించిన ఊరు కాబట్టేమో, బావగారు ఆ మరని బిరడాలా అర చుట్టు తిప్పి చెవి పెట్టి వినేవారు. పదిహేను రోజులకి ముందు చక్రాలు ముందు, వెనకవి ఆ తరవాత పట్టడం నేర్చుకున్నాయి.

సాలూరు నుంచి కోరాపుట్ వైపు ఘాటీలో లారీ తోలే దూరపు చుట్టం ఒకాయన ఇదంతా చూసి, "ఘాటీ దిగినప్పుడు గేరుతో దిగాల. బ్రేకు నమ్ముకున్నోడు డ్రైవరేటి?" అని వెళ్లిపోయాడు. బావగారి భార్య ప్రశ్న ఇంకా సూటిగా ఉంది. "ఆగడానికి ఇంత సేసినారు. ఎల్లడానికి ఎప్పుడు సేస్తారు?" ఆ ఏడు పైడితల్లమ్మ జాతరలో సిరిమాను కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు తిరిగింది. ఆ రోజు జీపు షెడ్డులోంచి ఒక్కసారీ కదల్లేదు. ఇంటిల్లిపాదీ ఆటోలో వెళ్లొచ్చారు.

ఇప్పుడు బ్రేకులు దివ్యంగా పడుతున్నాయి. అయితే బ్రేకాయిలు గాలిలోని తేమ పీల్చుకుంటుంది, అప్పుడప్పుడు మార్చాలి. మార్చాలంటే నాలుగు చక్రాలకీ మళ్లీ ఎయిర్ తీయాలి. వచ్చే ఆదివారం ఆ వీధిలో పనున్నవాళ్లు మోకాలు నొప్పని ముందే చెప్పేయండి. ఎడమ మోకాలని మాత్రం చెప్పకండి, బ్రేకు నొక్కేది కుడికాలితో.