పుదుచ్చేరిలో జపాన్ భోజనం: తొలిసారి వెళ్లేవారికి సూచనలు

పుదుచ్చేరిలో దిగగానే జపాన్ భోజనం ఎక్కడ దొరుకుతుందని ఆటో అతన్ని అడగకండి. అడిగితే అతనేమీ తడబడడు. నేరుగా తీసుకెళ్లి 'చైనీస్' అని బోర్డున్న హోటలు ముందు దించి, "రెండూ ఒకటే సార్" అంటాడు. వాదించకండి. అతను చెప్పినదాంట్లో కాస్త నిజం కూడా ఉంది. లోపల వంటవాడు నూడుల్స్ మీద చిటికెడు తెల్లపొడి చల్లుతుంటాడే, అది అచ్చమైన జపాన్ సరుకు. కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త 1908లో కొంబు అనే సముద్రపు నాచు మరిగించిన నీళ్లలోంచి ఆ రుచిని విడదీశాడు. మరుసటేడే అది అజినమోటో పేరుతో అంగట్లోకొచ్చింది. కాకినాడ జగన్నాథపురంలో రోడ్డు పక్క బండి దగ్గర ఎగ్ నూడుల్స్ తిన్నవాళ్లందరూ జపాన్‌కి పాత ఖాతాదారులే.

ఈ సూచనలు ముఖ్యంగా యానాం వాళ్ల కోసం. వాళ్ల రాజధాని ఇదే కదా. ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లు రైల్లో వచ్చి, సచివాలయంలో ఫైలు కదిలేదాకా ఊరు తిరుగుతూ ఉండాలి. ఎంతసేపని సముద్రం చూస్తారు? జిప్మర్‌లో చదివే మన పిల్లలకీ ఇవి పనికొస్తాయి. అయితే వాళ్లు హాస్టల్ మెస్‌కి అలవాటు పడ్డవాళ్లు, పచ్చిచేప వాళ్లని భయపెట్టలేదు.

హోటలు ఎంచుకోవడం సులువు. ఫ్రెంచి వీధుల్లో పసుపు గోడలు, గోడ మీద కాగితంపూల తీగ, తలుపు పక్కన 'పాన్ ఏషియన్' అని రాసిన పలక. అదే. మెనూలో సుషీ, థాయ్ కూర, పిజ్జా, చివరికి పనీర్ టిక్కా కూడా పక్కపక్కనే ఉంటాయి. ఇదేమిటని అడిగితే మీరు కొత్తవాళ్లని తెలిసిపోతుంది. 'చెఫ్స్ స్పెషల్' ఏమిటని మాత్రం అడగండి, ఏం చెప్పినా తలూపండి.

సుషీ చెప్పండి, అంటే అన్నం ముద్ద మీద పచ్చిచేప ముక్క. సాల్మన్ వస్తుంది. బంగాళాఖాతం రోడ్డు దాటితే ఉంటుంది, గుబేర్ మార్కెట్‌లో వంజరాలు మెరుస్తూ ఉంటాయి, కానీ మీ పళ్లెంలోకి సాల్మనే వస్తుంది. మన సముద్రంలో అది పుట్టదు కాబట్టే దానికంత గౌరవం. ఆమాటకొస్తే జపాన్‌వాళ్లూ పచ్చి సాల్మన్ తినేవాళ్లు కారు. 1980లలో నార్వే తన చేపలు అమ్ముకోడానికి పట్టుబట్టి ప్రచారం చేసి వాళ్లకి అలవాటు చేసింది. అంటే నార్వే బేరాన్ని జపాన్ సంప్రదాయమనుకుని ఫ్రెంచి గోడల మధ్య కూర్చుని తింటున్నారన్నమాట. ఫొటో తీసుకోండి.

చేప తాజాదేనా అని అడగకండి. తాజాది కాకపోవడమే మీకు మంచిది. పచ్చిగా తినే చేపని మైనస్ 20 డిగ్రీల్లో వారం రోజులు గడ్డకట్టించాలి, అప్పుడే అందులోని పురుగులు చస్తాయి. ఈ సంగతి మీ పక్కన కూర్చున్న మామయ్యగారికి చెప్పకండి. ఆయన ఇప్పటికే సర్వర్ని పిలిచి అడుగుతున్నారు: "బాబూ, ఇది ఉడకలేదు. లోపల గ్యాసు అయిపోయిందా? చెప్పండి, ఆగుతాం. మాకేం తొందర లేదు, ఆయ్."

పళ్లెం మూల పచ్చగా శనగగింజంత ముద్ద ఉంటుంది. మామయ్యగారు దాన్ని గోంగూర పచ్చడి అనుకుని మొత్తం నోట్లో వేసుకుంటారు. వేసుకోనివ్వండి, ఆపితే నొచ్చుకుంటారు. ఘాటు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కాక ఆయన కళ్లు తుడుచుకుని, "ఆవ పెట్టిన పులిహోరలా ఉందిరా" అంటారు. ఈ భోజనం మొత్తంలో ఎవరైనా అనే సరైన మాట అదొక్కటే. వసాబి అనే ఆ పచ్చముద్దలోనూ నూరిన ఆవాల్లోనూ ముక్కు అదరగొట్టేది ఒకే పదార్థం, అల్లైల్ ఐసోథయోసయనేట్. పైగా హోటళ్లలో పెట్టేది చాలావరకు అసలు వసాబి కాదు, గుర్రపుముల్లంగికి ఆకుపచ్చ రంగు కలిపిన ముద్ద. అందులోనూ ఘాటు అదే. అన్నానికి పులుపు పట్టించడం కూడా రెండుచోట్లా ఉంది, వాళ్లది వెనిగర్, మనది చింతపండు. అయితే పులిహోర గుళ్లో దొన్నెలో పెట్టి ఊరికే ఇస్తారు.

తినడానికి ఇచ్చిన పుల్లలతో కుస్తీ పట్టకండి. నిగిరి అనే ఈ రకం సుషీని జపాన్‌లో చేత్తో తినడం మర్యాదే. అసలది 19వ శతాబ్దంలో ఎడో నగరం వీధుల్లో, అంటే ఇప్పటి టోక్యోలో, బండ్ల మీద అమ్మిన తిండి. నడుస్తూ నోట్లో వేసుకునే బండి తిండిని ఏసీ గదిలో, కొవ్వొత్తి వెలుగులో, నాలుగంకెల బిల్లుకి తినడం నాగరికత. ఒక్క జాగ్రత్త, సోయా సాస్‌లో చేపవైపు ముంచాలి, అన్నంవైపు ముంచితే ముద్ద విడిపోతుంది. మామయ్యగారు సాస్ మొత్తం అన్నం మీద పోసి కలిపేశారు. సర్వరు చూడనట్టు పక్కకి తిరిగాడు. ఎంత పెద్దమనిషి!

టెంపురా చెప్పుకోవాలని ఎవరైనా అంటే అడ్డు చెప్పకండి. పిండిలో ముంచి నూనెలో వేయించే ఆ పద్ధతి 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లతో జపాన్‌కి చేరింది. అందులోని రొయ్య ఎక్కడిదో ఆ హోటలువాళ్లకే తెలియాలి. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్ర ముందుంది గనక, అది భీమవరం చెరువుదే అనుకుంటే తృప్తిగా ఉంటుంది.

ఇక ఖరీదైన కోరిక ఒకటి: ఒమకాసె. మెనూ ఉండదు, వంటవాడు ఏం పెడితే అది తినాలి, మారుమాట అనకూడదు. టోక్యోలో దీనికి నెలల ముందు చెప్పుకోవాలి. పుదుచ్చేరిలో అరవింద ఆశ్రమ భోజనశాలలో దశాబ్దాలుగా ఇదే పద్ధతి నడుస్తోంది: అన్నం, పప్పు, పెరుగు, రొట్టె, పెట్టింది తినాలి, మాటలు వద్దు. చీటీ సంపాదించుకోండి. చేప ఉండదు, మామయ్యగారికి ముందే చెప్పి తీసుకెళ్లండి.

ఇంతకీ ఈ ఊళ్లో అన్నిటికంటే జపాన్‌తనం ఉన్న చోటు మీకెవరూ చెప్పరు, ఎందుకంటే అక్కడ తిండి దొరకదు. అది ఆశ్రమవాసులు ఉండే గోల్కొండ్ భవనం. ఆశ్రమ మాత మీరా అల్ఫాస్సా 1916 నుంచి నాలుగేళ్లు జపాన్‌లో గడిపి 1920 ఏప్రిల్ 24న ఇక్కడికి తిరిగొచ్చారు. ఆ తర్వాత ఈ భవనానికి టోక్యోలో పనిచేసిన ఆంటొనిన్ రేమండ్ చేత నమూనా గీయించారు. 1937లో మొదలైన కట్టడానికి జపాన్ సంతతి అమెరికన్ జార్జ్ నకషిమా ఇక్కడే ఉండి పనిచేశాడు. కిటికీ అద్దాలు లేవు, గోడ పొడుగునా తిప్పుకునే కాంక్రీటు పలకలే గాలి తెస్తాయి. డబ్బు మాత్రం మనవైపుదే. హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం లక్ష రూపాయలిచ్చింది, అందుకే గోల్కొండ పేరు పెట్టారు. అనుమతి లేనిదే లోపలికి వెళ్లలేరు. గోడ బయట నిలబడి, "మా లక్షే ఇది" అనుకుని వచ్చేయండి.

ఆకలి తీరలేదంటే తూర్పుతీర రోడ్డు పట్టుకుని చెన్నై వెళ్లండి. ఒరగడంలో నిస్సాన్, మన శ్రీసిటీలో ఇసుజు, కొబెల్కో వచ్చాక అక్కడి జపాన్ ఉద్యోగుల నాలుకకి తగ్గ వంట చేసేవాళ్లు తయారయ్యారు. పనీర్ టిక్కా లేని మెనూ చూస్తే మీకు కొంచెం దిగులేయవచ్చు.

ఇవేవీ కాదు, ఫ్రెంచి ఇండియాకీ జపాన్‌కీ కుదిరిన వంటే కావాలంటే టోక్యో షింజుకులో నకమురాయా అనే రొట్టెల దుకాణానికి వెళ్లాలి. అప్పట్లో యానాంలాగే పుదుచ్చేరి ఏలుబడిలో ఉన్న చంద్రనగర్‌లో పెరిగిన విప్లవకారుడు రాస్ బిహారీ బోస్, వైస్రాయి హార్డింజ్ మీద 1912లో జరిగిన బాంబు దాడి తర్వాత పోలీసులకి దొరక్కుండా తిరిగి, 1915లో జపాన్ చేరాడు. ఆ దుకాణం యజమానులు ఆయన్ని దాచారు. 1918లో వాళ్లమ్మాయి తొషికోని పెళ్లాడాడు. అప్పట్లో జపాన్‌లో కూర అంటే ఇంగ్లీషువాళ్ల దారిన వచ్చిన మైదాపిండి పులుసు. అది చూసి ఆయనకి మండిపోయింది. 1927లో అత్తవారి దుకాణంలోనే అసలైన కోడికూర పెట్టించాడు. మామూలు కూరకంటే ఎన్నో రెట్లు ఖరీదు, అయినా జనం ఎగబడ్డారు. ఇప్పటికీ అమ్ముతున్నారు, ఎముకలతోనే. అక్కడికి మామయ్యగారిని తప్పక తీసుకెళ్లండి. ఆయన సంచిలో ఆవకాయ సీసా ఉంటుంది. మొదటి ముద్ద దాకా తీయొద్దని బతిమాలుకోండి, ఆ తర్వాత ఆయన ఇష్టం.