విరిగిన నడుముకు వీధికో వైద్యం

నడుము దెబ్బతిన్న మనిషికి మొదటి పది నిమిషాల్లోనే మనం చేయగల సేవ చాలా ఉంది. తాటిచెట్టు మీంచి పడినా, డాబా మెట్ల మీద జారినా, ముందు చంకల కింద చేతులు వేసి లేపి కూర్చోబెట్టాలి. సోడా తాగించాలి. ‘ఏదీ, నాలుగడుగులు వెయ్యి చూద్దాం’ అనాలి. తరవాత ఆటోలో ఇద్దరి మధ్య మడిచి కుదేయాలి. ‘వెన్నుపూస చితికిందేమో, కదిలిస్తే వెన్నుపాము నలుగుతుంది, తలా నడుమూ ఒకే వరుసలో ఉంచి పలక మీద పడుకోబెడదాం, 108 వచ్చేదాకా ఆగుదాం’ అనేవాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. సోడా తెమ్మని పంపాల్సింది అతన్నే.

ఆసుపత్రిలో ఎమ్మారై తీస్తారు. తీయించుకోండి, బంధువులకు చూపించడానికి ఫిల్ము ఉండాలి. అందులో ఎల్‌ఫోర్, ఎల్‌ఫైవ్ మధ్య డిస్కు ఉబ్బిందని రాసి ఉంటే మీ హోదా పెరిగినట్టే. నొప్పన్నదే లేని ఇరవయ్యేళ్లవాళ్లలో కూడా నూటికి 30 మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 మందికి స్కానులో ఆ ఉబ్బు కనిపిస్తుందని 2015లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్క తేల్చారు. ఆ సంగతి చూడ్డానికొచ్చినవాళ్లకు చెప్పకండి, తెచ్చిన బత్తాయిలు వెనక్కి పట్టుకుపోతారు.

డాక్టరు కాళ్లు ఎత్తించి, బొటనవేలు నొక్కి చూసి, ‘ఎముక విరగలేదు, కాళ్లలో బలం ఉంది, చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుతుంది, కొంచెం కొంచెం నడవండి’ అన్నాడనుకోండి. ఆ మాత్రం మాటకు ఫీజు కూడానా? ఇంటికొచ్చి మంచమెక్కండి, దిగకండి. నడుము నొప్పికి రెండు రోజులు మంచం పట్టినవాళ్లకంటే ఓపినంతలో మామూలు పనులు చేసుకున్నవాళ్లే త్వరగా కోలుకున్నారని ఫిన్లండ్‌లో 1995లో తేల్చారు. వాళ్ల ఇళ్లలో టిఫిను మంచం దగ్గరికి తెచ్చిచ్చేవాళ్లు లేరు కాబోలు.

ఇక అసలు వైద్యం. ముందు ఎదురుకాళ్లతో పుట్టిన మనిషిని వెతకాలి. మన ఊళ్లలో నడుం పట్టేస్తే అలాంటివాళ్ల చేత కాలితో తన్నించడం తాతలనాటి పద్ధతి. పట్టా అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, చదువంతా తల్లి కడుపులోనే పూర్తయి ఉంటుంది. వట్టి కండరం పట్టేసినవాడికి ఆ తాపు వల్ల పోయేదేమీ లేదు, కొద్ది రోజుల్లో ఎలాగూ తగ్గేదే. డిస్కు జారి నరాన్ని నొక్కుతున్నవాడికి, పూస చిట్లినవాడికి మాత్రం ఒక్క తాపు ఏం చేస్తుందో చెప్పలేం. అయినా తన్నేవాడు స్కాను అడగడు, మీరూ చూపించకండి. ఉత్త పుణ్యానికి తన్నేవాణ్ని సందేహించడం మర్యాద కాదు.

తగ్గకపోతే పుత్తూరు బండెక్కండి. చేతులూ కాళ్లూ విరిగినవాళ్లకు ఆకు పసరు, కోడిగుడ్డు సొన రాసి వెదురుబద్దలతో కట్టు కట్టడంలో ఆ ఊరికి పెద్ద పేరు. వెన్నుపూసకు వెదురుబద్ద ఏ పక్కన వేస్తారని మాత్రం అడగొద్దు.

కటివస్తి నాకు అంతగా నచ్చదు. నడుం మీద మినప్పిండితో గట్టు కట్టి గోరువెచ్చటి తైలం పోస్తారు, హాయిగా నిద్ర పడుతుంది. హాయిగా ఉండేది వైద్యమెలా అవుతుంది? వెన్ను నొక్కి ‘టక్’మనిపించే వైద్యం అలా కాదు, ప్రాణం పోయి వస్తుంది. ఆ చప్పుడు కీలులోని ద్రవంలో గాలి బుడగదేనని, ఎముక చోటికి చేరిన చప్పుడు కాదని అంటారు. అననీయండి. అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో 1895లో ఈ విద్య మొదలుపెట్టిన పామర్, ఒకాయన వెన్ను నొక్కితే ఆయన చెవుడు పోయిందని చెప్పుకున్నాడు. చెవుడే పోయినప్పుడు తుంటినొప్పి ఒక లెక్కా!

అన్నిటికన్నా గొప్పది పేరులేని పొడి. పొట్లం మీద ఏమీ రాసి ఉండకపోవడమే దాని స్వచ్ఛతకు గుర్తు. రెండో రోజుకే లేచి తిరుగుతారు. నెల తిరిగేసరికి మొహం గుండ్రంగా నిండుతుంది, ఒంటికి పట్టిందని సంతోషించండి. షుగరు పెరిగితే లడ్డూల మీదికి తోసేయండి. అందులో స్టెరాయిడ్ కలిపారేమో, అదైతే నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది, పరీక్ష చేయిద్దామని డాక్టరంటే, ‘ప్రకృతి మందండీ’ అని లేచి వచ్చేయండి.

దారిలో చిన్న చిన్న ఆటంకాలు వస్తాయి. కాలి చెప్పు జారిపోయినా తెలియకపోతే పట్టీల చెప్పులు కొనుక్కోండి. కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారితే కుర్చీలో మెత్త మార్చండి. మూత్రం బిగబడితే బార్లీ నీళ్లు తాగండి. ఇవన్నీ కలిసొస్తే వెన్ను చివర నరాల కట్ట నలుగుతున్నట్టని, గంటల్లో ఆపరేషన్ జరగాలని, ఆలస్యమైతే మూత్రం మీద పట్టు ఇక రాకపోవచ్చని సర్జన్లు కంగారుపెడతారు. వాళ్లు అర్ధరాత్రైనా రమ్మంటారు. మనకు అమావాస్య వెళ్లాలి కదా.

ఇన్ని చేసినా, చాలామందికి మూడో నెలకల్లా నడుము దానంతటదే కుదుటపడుతుంది. ఆ వారం మీరు ఎవరి చేతిలో ఉంటే ఖ్యాతి వారిది. కాబట్టి వైద్యులందరి దగ్గరికీ ఒకే వారంలో తిరగండి, ఒకరి సంగతి ఒకరికి చెప్పకండి. తన్నినవాడు తన కాలి మహిమంటాడు, పొడి అమ్మినవాడు తన పొట్లమంటాడు. ఇంట్లో ఆవిడ మాత్రం తాను పెట్టిన ఇసుక కాపడంతోనే తగ్గిందంటుంది. ఆవిడతో వాదించకండి, మళ్లీ పట్టేస్తే ఇసుక వేయించాల్సింది ఆవిడే.