ఒక సెల్లారు, మూడు అంచనాలు

బళ్లారిలో సెల్లారుకు అంచనా వేయించడమంత సులువైన పని మరొకటి లేదు. కాంట్రాక్టరు సైటు మధ్యలో నిలబడి, చెప్పుకాలితో మట్టిని రెండు తన్నులు తన్ని, "చదరపు అడుక్కి ఇంత సామీ, విత్ మెటీరియల్" అంటాడు. ఇంటాయన ఫోన్లో గుణిస్తాడు. బడ్జెట్ అయిపోయింది. 1953లో ఈ జిల్లాను ఆంధ్రకూ మైసూరుకూ పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అంటూ తాలూకా తాలూకాకూ లెక్క చూశారు. ఆ ఓపికలో వీసమెత్తు కూడా ఇప్పుడు మన ఇంటి గుంతకు దక్కడం లేదు.

ఆ "ఇంత"లో ఏమేమి ఉన్నాయో అడగడం మర్యాద కాదు. తవ్విన మట్టి తోలే ట్రాక్టరు ట్రిప్పులు మీవే. కింద బండ తగిలితే? "తగల్దులే సామీ." ఊరి నడిబొడ్డున కొండంత బండ కోటను నెత్తిన పెట్టుకుని నిలబడి ఉండగా, దాని నీడలోనే నిలబడి ఈ మాట అనాలంటే గుండె ధైర్యం కావాలి. బండ లేనిచోట నల్లరేగడి ఉంటుంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు కాలు దిగేంత బీటలిస్తుంది, సెల్లారు గోడను ఏడాది పొడుగునా నెడుతూనే ఉంటుంది. దాన్ని ఆపే కాంక్రీటు గోడ, అందులోని ఇనుము, గోడ వెనక నింపే గరుసు, ఊట నీరు బయటికి పోయే దారి, ఇవన్నీ "ఎక్‌స్ట్రా".

చుట్టుపక్కల ఏముందో చూసుకోకుండా కట్టినందుకు ఈ ఊళ్లో శిక్ష పడింది ఒక్కడికే. హైదరాలీ ఒక ఫ్రెంచి ఇంజనీరుతో బళ్లారి కోటను బాగుచేయించాడట. పనంతా ముగిశాక, ఎదురుగా ఉన్న కుంబార గుడ్డ అనే కొండ కోటకన్నా ఎత్తని తేలి, వాణ్ణి ఉరి తీయించాడని చెప్పుకుంటారు. పాపం, మాట తెలియనివాడు. మన కాంట్రాక్టరైతే "ఆ గుడ్డ చెక్కేది మన కాంట్రాక్టులో లేదు సామీ" అని, దానికి వేరే అడ్వాన్సు తీసుకుని ఉండేవాడు.

అసలు ఈ సెల్లారు కోరిక ఎక్కడిదంటే, అమెరికాది. పెద్దాయన న్యూజెర్సీలో కొడుకింట్లో నాలుగు నెలలుండి, బేస్‌మెంటులో పెద్ద తెర మీద మాయాబజార్ చూసి మనసు పారేసుకుని వస్తాడు. అక్కడ చలికాలం నేల గడ్డకడుతుంది, పునాది ఆ లోతు దాటి దిగాల్సిందే. ఎటూ అంత తవ్వాలి గనక ఇంకాస్త తవ్వి గది చేసుకున్నారు. అదే అమెరికాలో డాలస్ వైపు పోతే మనవాళ్ల ఇళ్లకు బేస్‌మెంటు ఉండడం అరుదు. అక్కడిదీ ఉబ్బే నల్లమట్టే. అందుకని సినిమా మేడ మీద చూసుకుంటారు. బళ్లారి మే నెలలో నేల గడ్డకట్టే రోజు వచ్చినప్పుడు చూద్దాం.

కొడుకు వాట్సాప్‌లో పంపే లెక్క మరీ ముచ్చటైనది. అది బేస్‌మెంటు "ఫినిషింగ్" ఖర్చు. గుంత, గోడలు, స్లాబు అప్పటికే అతని ఇంటి ధరలో కలిసిపోయాయి. ఇక మిగిలింది జిప్సం బోర్డు, లైట్లు, కార్పెట్టు. పెద్దాయన ఆ డాలర్లను రూపాయల్లోకి మార్చి, ఇక్కడ కూలి తక్కువ గదా అని సగం కొట్టేసి, గుంతతో సహా అంతే అవుతుందని తీర్మానిస్తాడు.

ఆ తర్వాత ఒకే సెల్లారుకు మూడు అంచనాలు పుడతాయి. మొదటిది బ్యాంకుకు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అప్పు 30 లక్షల లోపైతే విలువలో 90 శాతం దాకా, 75 లక్షల దాకా అయితే 80, ఆపైన 75 శాతమే ఇస్తారు. మిగతాది మన చేతిది. చేతిలో లేకనే గదా అప్పు! అందుకని ఆ కాగితం మీద సెల్లారు ఇటాలియన్ మార్బుల్‌తో ధగధగలాడుతుంది. రెండోది కార్పొరేషన్‌కు ఇచ్చే ప్లాను. అందులో మార్బుల్ మాయమై, సెల్లారు వట్టి కారు షెడ్డవుతుంది. ఎత్తు కనీసం 2.4 మీటర్లు, కప్పు బయటి నేలకు 0.9 నుంచి 1.2 మీటర్ల పైన ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. ప్లానులో అన్నీ సరిగ్గానే ఉంటాయి, ఒక్క సోఫా తప్ప. మూడోది ఇంటామెకు చెప్పేది. మూడింట్లోకీ చిన్నది అదే. అసలు లెక్క కాంట్రాక్టరు జేబులోని చిన్న పుస్తకంలో పెన్సిలుతో ఉంటుంది.

సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి దిగింది. రేటు పెరిగిన ప్రతిసారీ పొద్దున్నే గుమ్మంలో ప్రత్యక్షమయ్యే మనిషి ఆ వారమంతా ఫోనెత్తలేదు. వాస్తు సిద్ధాంతి మాత్రం వచ్చాడు. నైరుతిలో గుంత ఏమిటన్నాడు. తవ్వినందుకు ఒక బిల్లు, పూడ్చినందుకు ఇంకో బిల్లు.

మన తాతలు నేల కింద తవ్వలేదా అంటే, తవ్వారు. ఈ సీమలో జొన్నలు పాతర వేసేవాళ్లు. వాననీళ్లు నిలవని మిట్ట, గట్టి నేల చూసుకున్నాకే గడ్డపార ఎత్తేవాళ్లు. అడుగునా పక్కలకూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, మూతి మట్టితో మెత్తేవాళ్లు. తీసేనాడు మూత తెరవగానే మనిషిని దించరు, ముందు దీపం దించుతారు. ఆరిపోతే లోపల గాలి చెడిందన్నమాట, ఇంకాసేపు ఆగాలి. చదరపు అడుగు లెక్క వాళ్లకు తెలియదు, మట్టి సంగతి మాత్రం తెలుసు.

మనకు వాటర్ ప్రూఫింగ్ గ్యారంటీ కార్డుంది. హంపిలో నేల మట్టానికి దిగువనున్న ప్రసన్న విరూపాక్షుడి గుడిని ఎవరైనా చూడొచ్చు. వానాకాలం గర్భగుడి దాకా నీళ్లు నిలుస్తాయి. విజయనగరం రాళ్లకే దిక్కులేనిచోట మన పదేళ్ల గ్యారంటీ ఎన్ని వానలు ఆగుతుంది? ఒకటే. స్పీకర్ల కింద చెమ్మ, కార్పెట్టు మీద బూజు, ఆ తర్వాత మోకాలి లోతు నీళ్లు.

కాంట్రాక్టరు మెట్ల మీద నిలబడి చూస్తాడు. "సినిమా ఏముందిలే సామీ! కొళాయి దినామూ రాని ఊర్లో ఇంత పెద్ద సంపు ఎవురికుంది?"

ఇంటాయన ముఖం విప్పారుతుంది. ఇకనుంచి రేటు చదరపు అడుక్కి కాదు, లీటరుకు.