తొలకరికి అందని బిల్లు

బీటా అని పేరు పక్కనే రాసి ఉంది. చదివి కూడా నేను లెక్కచేయలేదు.

2016 మొదట్లో నరసరావుపేట దగ్గర ఒక ఎరువులు, విత్తనాల కొట్టుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒప్పుకున్నాం. వెబ్ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్ యాంగులర్ 1 మా టీమ్‌కి కొట్టిన పిండి. అయినా యాంగులర్ 2తోనే చేద్దామని పట్టుబట్టాను. దాని బీటా వచ్చింది అంతకుముందు డిసెంబరులోనే. 2014లో పారిస్‌లో జరిగిన యాంగులర్ సదస్సులో కొత్త వెర్షన్‌ని దాదాపు మొదటి నుంచీ తిరగరాస్తున్నామని ప్రకటించినప్పటి నుంచీ నాకొకటే భయం, పాతదాంట్లో రాసిందంతా రేపు పనికిరాకుండా పోతుందని.

టీమ్‌లో చిన్నవాడు ఒక్కడే అడిగాడు. "అన్నా, బిల్లు కొట్టాలి, స్టాకు తగ్గాలి, ప్రింటు రావాలి. కొత్తది లేకపోతే ఇందులో ఆగే పని ఏముంది?" నా దగ్గర జవాబు లేదు. "నీకు తెలీదులే, ముందుచూపు ఉండాలి" అని వాడి నోరు మూయించాను. కొత్తది నేర్చుకోవాలన్న తపన నాది. దానికయ్యే ఖర్చు మాత్రం కొట్టు యజమాని నెత్తిన వేశాను, అదీ ఆయన్ని అడక్కుండా. ముందుచూపన్న మాట నేను నాకు చెప్పుకున్న సాకు.

మే నెలలో యాంగులర్ 2 రిలీజ్ క్యాండిడేట్ (ఆర్‌సీ) వచ్చింది. ప్రతి ఫైల్లోనూ ఇంపోర్ట్ లైన్లు మారాయి. అదైతే వెతికి మార్చేసే పనే. రౌటర్‌తోనే వచ్చింది చిక్కు. మేం వాడుతున్నదాని పేరు పక్కన 'డిప్రికేటెడ్', అంటే ఇక వాడొద్దు, అని చేరింది. దాని స్థానంలో ఇంకొకటి ఇచ్చారు, జూన్‌లో దాన్నీ పక్కన పెట్టి మూడోది తెచ్చారు. రైతు ఖాతా తెరిస్తే పాత బాకీ కనిపించాలి, అక్కణ్ణుంచే కొత్త బిల్లుకి వెళ్ళాలి. ఆ దారులన్నీ రౌటర్ మీదే. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట తెగేవి. ఆగస్టులో ఆర్‌సీ 5తో ఎన్‌జీమాడ్యూల్ వచ్చాక, ఒక్కో కాంపొనెంట్‌లో రాసుకున్న డైరెక్టివ్‌ల జాబితాలన్నీ తీసి మాడ్యూల్లోకి చేర్చుకోవాల్సి వచ్చింది.

ఈలోపే తొలకరి పడింది. "బాబూ, డీఏపీ కోసం రైతులు వాకిట్లో నిలబడి ఉన్నారు. మీ బిల్లు ఏమైంది?" అని కొట్టు యజమాని ఫోన్ చేశారు. సర్వర్ సమస్యండీ అని అబద్ధం చెప్పాను. ఆ ఖరీఫంతా కార్బన్ కాగితం పెట్టి చేత్తోనే బిల్లులు రాశారు. కొట్టు కట్టేశాక కూర్చుని అరువు పద్దులు లెడ్జర్‌లోకి ఎక్కించుకునేవారు.

యాంగులర్ 2 సెప్టెంబరు 14న విడుదలైంది. మంచి ప్లాట్‌ఫామే, తర్వాత దాంతో చాలా పని చేశాను. ఇక రేపో మాపో పోతుందని నేను భయపడ్డ పాతదానికి 2021 డిసెంబరు 31 దాకా సపోర్ట్ అందింది. ఆయన కొట్టుకి అది ధారాళంగా సరిపోయేది. చిన్నవాడి దగ్గర తప్పు ఒప్పుకున్నాను. సర్వర్ మాట అబద్ధమని ఆయనకి మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.